కంఠతా వచ్చింది సరే, అర్థం ఎప్పుడు?

తెల్లవారుజామున తెలుగు ఇళ్లలో, గుళ్లలో వినిపించే వేంకటేశ్వర సుప్రభాతంలోని మొదటి శ్లోకం నిజానికి వేంకటేశ్వరుడి కోసం పుట్టింది కాదు. అది వాల్మీకి రామాయణం బాలకాండలోది. యాగాన్ని కాపాడడానికి విశ్వామిత్రుడి వెంట వచ్చిన రాముడు తమ్ముడితో కలిసి ఆకుల పక్క మీద నిద్రపోతున్నాడు. ఇంకా పదహారేళ్లయినా నిండలేదే అని తండ్రి బెంగపడిన వయసు అతనిది. ఆ పిల్లవాణ్ణి గురువు లేపి, పొద్దుటి విధులకు సిద్ధం కమ్మని పిలవడమే ఆ శ్లోకంలోని సన్నివేశం. 15వ శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ దాన్ని ముందు పెట్టుకొని తిరుమల స్వామికి మేలుకొలుపు కూర్చారు. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గళంలో రికార్డుగా వచ్చాక అది ఊరూరికీ చేరింది. ఇవాళ ఆ శ్లోకాన్ని తప్పు లేకుండా అప్పజెప్పగల పిల్లలు లెక్కలేనంత మంది. అందులో నిద్ర లేస్తున్నది తమ ఈడుకు దగ్గరి కుర్రవాడేనని తెలిసినవాళ్లు మాత్రం బహు కొద్దిమంది. ఈ ఒక్క మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు మన ఇళ్లలో ఎందుకు దొరకడం లేదన్నదే ఆలోచించవలసిన విషయం.

పిల్లలకు ప్రార్థన నేర్పే పెద్దలను అర్థం సంగతి అడిగితే, ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: ‘ముందు నోటికి రానివ్వండి, పెద్దయ్యాక వాళ్లకే తెలుస్తుంది.’ ఈ మాట వెనుక నిర్లక్ష్యం లేదు, అనుభవం ఉంది. వాళ్లూ అలాగే నేర్చుకున్నారు. చిన్నప్పుడు వల్లె వేసిన శ్లోకం ముప్ఫయ్యో నలభయ్యో ఏళ్లు వచ్చాక ఒక్కసారిగా అర్థమైన సందర్భాలు వాళ్ల జీవితాల్లో ఉండే ఉంటాయి. అయితే వాళ్ల బాల్యంలో ఆ పద్ధతి పనిచేయడానికి కారణమైన పరిస్థితులు ఈనాటి పిల్లల చుట్టూ లేవు. కంఠస్థం మిగిలింది, దానికి అర్థాన్ని అందించే ఏర్పాట్లన్నీ ఒకటొకటిగా తప్పుకున్నాయి. కాబట్టి అర్థాన్ని ‘తరువాత’కు వదిలేయడం ఇప్పుడు దాన్ని పూర్తిగా వదిలేయడమే అవుతుంది. ప్రార్థనను నేర్పేవాళ్లు అర్థాన్ని కూడా దానితో పాటే, అదే కూర్చోవడంలో నేర్పాలి.

ఆ ఏర్పాట్లేమిటో గుర్తు చేసుకుంటే విషయం తేటపడుతుంది. ఊళ్లో సాయంత్రం పూట రామాలయం అరుగు మీద పురాణ కాలక్షేపం ఉండేది. ఒకరు మూలం చదివితే మరొకరు వచనంలో విప్పి చెప్పేవారు. శ్రీరామనవమికో దసరాకో హరికథ ఉండేది. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తీర్చిదిద్దిన ఆ కళలో పద్యం పాడడం ఎంతో, దాన్ని సామాన్యుడికి విడమరచడం, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించడం కూడా అంతే. తోలుబొమ్మలాట, యక్షగానం, భజన గోష్ఠి ఉండేవి. ఇంట్లో నాయనమ్మ, అమ్మమ్మ ఉండేవారు. అక్షరం రానివారికి కూడా కుచేలుడి అటుకులు, శబరి పండ్లు, ధ్రువుడి తపస్సు కరతలామలకం. పిల్లవాడు పొద్దున్న బట్టీ పట్టిన పద్యంలోని మనుషులు రాత్రికి కథలో ఎదురయ్యేవారు. వినాయక చవితి పూజనే చూడండి. సంస్కృతంలో సాగే పూజావిధానం ముగిశాక చేతిలో అక్షతలు పట్టుకొని అందరూ కూర్చుని వినేది తెలుగు వచనంలోని శమంతకమణి కథ. మంత్రం తెలియకపోయినా కథ తెలియాలి, నింద ఎలా పుడుతుందో, ఎలా తొలగుతుందో పిల్లలకు తెలియాలి అన్న ముందుచూపు ఆ అమరికలోనే ఉంది. అంటే మన పెద్దలు కంఠస్థాన్ని ఒంటరిగా ఎప్పుడూ వదిలిపెట్టలేదు.

ఇప్పుడు మిగిలినదేమిటి? నాయనమ్మ వేరే ఊళ్లో ఉంటుంది, వీడియో కాల్‌లో పది నిమిషాలు కనిపిస్తుంది. హరికథ ఏడాదికొకసారి సాంస్కృతిక కార్యక్రమంగా జరిగితే గొప్ప. టీవీ, ఆ తరువాత ఫోన్, సాయంత్రాలను పూర్తిగా ఆక్రమించాయి. శబ్దం మాత్రం ఎన్నడూ లేనంత తేలికగా దొరుకుతోంది. క్యాసెట్టు, సీడీ దాటి ఇప్పుడు యూట్యూబ్‌లో ఏ స్తోత్రమైనా సరే స్పష్టమైన ఉచ్చారణతో, తెర మీద అక్షరాలతో సహా ఉంది. పదే పదే వింటే నాలుగేళ్ల పిల్లకైనా వచ్చేస్తుంది. అపార్ట్‌మెంట్ సంఘాల్లో, గణేశ మండపాల్లో, బడుల్లో, ప్రవాస తెలుగు సంఘాల్లో శ్లోక పఠన పోటీలు జరుగుతాయి. ఎన్ని శ్లోకాలు వచ్చాయి, తడబడకుండా చెప్పారా, ఉచ్చారణ ఎలా ఉంది అన్నవే సాధారణంగా చూసే అంశాలు. బహుమతి వస్తుంది, ఫొటో వస్తుంది, వచ్చే ఏడాదికి ఇంకా పొడుగాటి స్తోత్రం మొదలవుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఈ మొత్తం ఏర్పాటులో ఏ ఒక్క చోటా పిల్లవాడి చేత ‘ఇందులో ఏం చెబుతున్నారు?’ అని అనిపించే అవసరం రాదు. అవసరం రానిది అలవాటు కాదు.

ప్రార్థనతో పాటు అర్థమూ నేర్పాలన్న మాటకు మొదటి అభ్యంతరం సంప్రదాయం వైపు నుంచే వస్తుంది. మంత్రానికి శబ్దమే ప్రాణం, అర్థం తెలిసినా తెలియకపోయినా ఫలం ఇస్తుంది అంటారు. ఇది కొత్త వాదం కాదు. యాస్కుడి నిరుక్తంలోనే, అంటే క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ల ముందే, కౌత్సుడనే పండితుడు మంత్రాలకు అర్థం లేదని వాదించినట్టు ఉంది. యాస్కుడు ఆ వాదనను దాచలేదు. కారణాలన్నీ వరుసగా పేర్కొని ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. లోకంలో మాటలకు అర్థం ఉన్నట్టే మంత్రంలోని మాటలకూ ఉందనీ, గుడ్డివాడికి స్తంభం కనిపించకపోవడం స్తంభం తప్పు కాదనీ అన్నాడు. వేదం చదివి అర్థం తెలుసుకోనివాణ్ణి బరువు మోసే స్తంభంతో పోల్చిన శ్లోకాన్ని కూడా ఉదాహరించాడు. జైమిని మీమాంస కూడా మంత్రాలకు అర్థం ఉన్నదా లేదా అనే చర్చ చేసి, ఉన్నదనే తేల్చింది. విజయనగర కాలంలో సాయణుడు ఋగ్వేదానికి భాష్యం రాస్తూ, ఉపోద్ఘాతంలో ఈ చర్చనే మళ్లీ ఎత్తుకొని అర్థజ్ఞానం ఎందుకు కావాలో వివరించాడు. స్వరం తప్పకూడదని హెచ్చరించడానికి వేదపండితులు చెప్పే ‘ఇంద్రశత్రు’ కథ కూడా ఇక్కడే అక్కరకు వస్తుంది. ఇంద్రుణ్ణి చంపగల కొడుకు కావాలని త్వష్ట హోమం చేస్తే, స్వరం మారడం వల్ల ఇంద్రుడి చేతిలో చచ్చే కొడుకు పుట్టాడు. శబ్దం తప్పితే అర్థం తారుమారవుతుందన్నదే ఈ కథలోని భయం. అర్థంతో పనే లేకపోతే ఆ భయానికి చోటెక్కడ?

ఇదంతా కంఠస్థానికి వ్యతిరేకంగా చెబుతున్నది కాదు. పద, క్రమ, జట, ఘన పాఠాల ద్వారా ఒక్క అక్షరం జారిపోకుండా వేదాన్ని తరతరాలకు అందించిన పద్ధతిని యునెస్కో 2003లో మానవజాతి మౌఖిక వారసత్వంలో ఒక మహత్తర సృష్టిగా ప్రకటించింది. చిన్నతనంలో నోటికి వచ్చినది జీవితాంతం వదలదు. ఆ వయసును వాడుకోవలసిందే. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి వర్ణం, స్వరం, మాత్ర అంటూ ఉచ్చారణ పాఠంతో మొదలై, చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే జీవిత నియమాల దాకా సాగుతుంది. ఒకే వల్లిలో రెండూ ఉన్నాయి. ఆధునిక మనస్తత్వ శాస్త్రం చెబుతున్నది కూడా దీనికి అనుకూలమే. 1972లో క్రైక్, లాక్‌హార్ట్ అనే పరిశోధకులు ఒక ప్రతిపాదన చేశారు. ఒక మాట రూపం మీదా ధ్వని మీదా మాత్రమే మనసు పెట్టినప్పటి కంటే దాని అర్థం మీద మనసు పెట్టినప్పుడు అది జ్ఞాపకంలో బలంగా నిలుస్తుందన్నారు. ఆ తరువాతి ప్రయోగాలు దీన్ని బలపరిచాయి. పద్యం మధ్యలో ఒక పాదం మరిచిపోయిన పిల్లలను గమనిస్తే ఇది తెలుస్తుంది. కథ తెలిసిన పిల్ల తరువాతి సంఘటనను పట్టుకొని పాదాన్ని వెతుక్కుంటుంది. కథ తెలియని పిల్ల మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది.

అసలు తెలుగులో భక్తి సాహిత్యం పుట్టినదే అర్థం కావాలన్న పట్టుదల నుంచి. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు గద్యపద్యాల ప్రౌఢి కంటే జానుతెనుగే సరసమని, అందరి నోటా పలికే ద్విపదలో బసవపురాణం రాశాడు. 15వ శతాబ్దపు పోతన భాగవతాన్ని తెనిగించాడు. ఆ కాలానికి అటూ ఇటూగా తాళ్లపాక అన్నమయ్య ఊయల పాటల్లోకీ దంపుళ్ల పాటల్లోకీ వేంకటేశ్వరుణ్ణి తీసుకువచ్చాడు. తక్కువ ఎక్కువలు లేవనీ, రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేననీ చెప్పే ఆయన కీర్తన ‘బ్రహ్మమొక్కటే’ను పిల్లలు స్టేజీ మీద చప్పట్లతో పాడుతున్నారు. కానీ అది కులాన్ని నిలదీసే పాట అని ఎందరికి చెబుతున్నాం? భద్రాచల రామదాసు కీర్తన ‘ఇక్ష్వాకు కులతిలక’ కూడా అంతే. అందులో ఒక తహసీల్దారు గోల్కొండ చెరసాల నుంచి రాముడికి నగల ఖర్చు లెక్క చెప్పి, కోపం పట్టలేక నిష్ఠూరమాడి, దెబ్బలకు ఓర్చలేక తిట్టానని చివరికి మన్నింపు వేడుకుంటాడు. దేవుడితో ఇంత చనువుగా తగవు పడవచ్చునా అని పిల్లలు ఆశ్చర్యపోయే ఘట్టమది. అర్థం చెప్పకుండా రాగం మాత్రమే నేర్పితే ఆ ఆశ్చర్యం వాళ్లకు దక్కదు. పైగా అప్పటి వాడుక తెలుగు ఇప్పటి పిల్లలకు సంస్కృతమంత దూరమైంది. ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లకు పోతన పద్యం, విష్ణు సహస్రనామం రెండూ ఒకటే రకం శబ్దాలు. కవులు ఎవరికి అర్థం కావాలని తెలుగులో రాశారో ఆ వారసులకే అది అందడం లేదు.

అర్థం చెబితే పిల్లలు ప్రశ్నలు వేస్తారు, సందేహాలు పెంచుకుంటారు, భక్తి చెడుతుంది అన్నది రెండో అభ్యంతరం. దీనికి గజేంద్రమోక్షం కంటే మంచి జవాబు లేదు. తెలుగు ఇళ్లలో పిల్లలకు ఎక్కువగా నేర్పే ప్రార్థనా ఘట్టాలలో ఇదొకటి. భాగవతం అష్టమ స్కంధంలో మొసలి పట్టుకు చిక్కి, బలం ఉడిగి మొరపెట్టుకుంటున్న ఏనుగు, ఆ మొర నడుమనే ఒక మాట అనుకుంటుంది. దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, ఇంతకీ ఉన్నాడో లేడో అని. ప్రాణం పోతున్న వేళ, ప్రార్థన మధ్యలో, దేవుడి ఉనికినే శంకించిన ఆ పద్యాన్ని పోతన తీసివేయలేదు, సర్దలేదు. అలా శంకించిన ఏనుగు కోసమే విష్ణువు భార్యకు చెప్పకుండా, శంఖచక్రాలు చేత పట్టకుండా పరుగెత్తుకొని వచ్చాడని రాశాడు. ఆ ఘట్టంలోని మరో పద్యం మొదటి మాటలు 2020లో ఒక సినిమాకు పేరయ్యాయి. పేరు పిల్లలందరికీ తెలిసింది. సందేహించినవాడి దగ్గరికి దేవుడు పరుగెత్తి వచ్చిన కథ ఆ మాటల వెనుక ఉందని చెప్పే అవకాశాన్ని మనం వాడుకోలేదు. సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు, గురువులు చదివించినవన్నీ చదివానని తండ్రికి చెబుతూనే, ఆ చదువుల లోపలి సారాన్ని కూడా పట్టుకున్నానంటాడు. కఠోపనిషత్తులో నచికేతుడు తండ్రి చేస్తున్న దానాన్నే ప్రశ్నించాడు, యముణ్ణి సైతం ప్రశ్నించి విడిచిపెట్టలేదు. ఈ సంప్రదాయం మెచ్చుకున్న పిల్లల్లో ఇలా అడిగిన పిల్లలున్నారు. అడిగితే పోయే భక్తి పదిహేనేళ్లు వచ్చాక ఎలాగూ పోతుంది. అప్పుడు జవాబు చెప్పడానికి మనం పక్కన ఉండం.

పిల్లలకు అంత లోతు ఎక్కుతుందా అనేది మూడో అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది. సౌందర్యలహరిలోని తంత్ర రహస్యాలు, అష్టపదుల్లోని శృంగారం, సహస్రనామాల్లోని వేదాంత పరిభాష ఎనిమిదేళ్ల పిల్లకు చెప్పలేం, చెప్పకూడదు కూడా. అందుకు విరుగుడు అర్థాన్ని మానేయడం కాదు, ప్రార్థనను ఎంచుకోవడం. ఇప్పుడు ఎంపిక ప్రసిద్ధిని బట్టి, పొడుగును బట్టి జరుగుతోంది. అది వయసుకు అందే అర్థాన్ని బట్టి జరగాలి. ‘సహనావవతు’ శాంతిమంత్రం అందుకు తగినది. దాన్ని చాలా చోట్ల భోజనానికి ముందు చెప్పిస్తారు. నిజానికి అది గురుశిష్యులిద్దరూ కలిసి చదువు కోసం చేసే ప్రార్థన. తమ ఇద్దరికీ రక్షణ కావాలనీ, చదివినది వెలగాలనీ, తమ మధ్య ద్వేషం పుట్టకూడదనీ కోరుకుంటారు. పాఠం చెప్పే టీచరు కూడా తనతో పాటు ప్రార్థిస్తోందని తెలిసిన పిల్లవాడికి అందులో ఎంత మాట్లాడుకోవచ్చో ఆలోచించండి. గురువుకూ శిష్యుడికీ మధ్య ద్వేషం ఎందుకు వస్తుంది? వస్తే ఏం చేయాలి? ఇవి మూడో తరగతి పిల్లలు జవాబు చెప్పగల ప్రశ్నలే. చీకట్లో భయం వేసినప్పుడు తెలుగు పిల్లలు చదువుకునే ఆంజనేయ దండకం కూడా అలాంటిదే. అందులో సముద్రం దాటడం, లంక కాల్చడం, సంజీవని తేవడం అన్నీ కథగా ఉన్నాయి. భయం పోగొట్టేది ఆ కథలోని ధైర్యం. ఇక గాయత్రి బుద్ధిని ప్రేరేపించమని సవితను వేడుకునే మంత్రం. బుద్ధిని కోరే ప్రార్థనను బుద్ధి పెట్టకుండా చెప్పించడం ఎంత విడ్డూరమో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే అర్థం పేరుతో ఏది పడితే అది చెప్పడం కూడా ప్రమాదమే. రెండు రకాల నకిలీ అర్థాలు మన మధ్య తిరుగుతున్నాయి. ఒకటి గైడు పుస్తకపు తాత్పర్యం. పద్యం, ప్రతిపదార్థం, భావం అనే చక్కని పద్ధతి మనకుంది. వావిళ్లవారు శతకాలను టీకా తాత్పర్యాలతో అచ్చువేసి తరాల పాఠకులను తయారుచేశారు. కానీ పరీక్షల్లో ఐదు మార్కుల కోసం భావాన్ని కూడా బట్టీ పట్టించి, దాన్ని మరో మంత్రంగా మార్చేశాం. పిల్లవాడు తన సొంత మాటల్లో చెప్పలేని భావం వాడిది కాదు. రెండోది వాట్సాప్ విజ్ఞానం. ఫలానా మంత్రానికి ఇన్ని కంపనాలనీ, ఫలానా రోగం నయమవుతుందనీ, నాసా ఒప్పుకున్నదనీ ప్రచారమయ్యే సందేశాలను పెద్దలు నమ్మి పిల్లలకు అర్థంగా అందిస్తున్నారు. అవి ప్రార్థన గురించి ఏమీ చెప్పవు. పైగా, సైన్సు చదివిన పిల్లవాడు పదో తరగతిలో ఆ మాట అబద్ధమని తెలుసుకున్న రోజున దానితో పాటు ప్రార్థనను కూడా పారేస్తాడు. గాయత్రికి ప్రయోగశాల ధ్రువపత్రం అక్కర్లేదు. అందులో ఏం కోరుతున్నామో తెలిస్తే చాలు.

పూర్తిగా అవతలి వైపు నుంచి వచ్చే అభ్యంతరం మరొకటి ఉంది. ఊహ తెలియని పిల్లలకు మత ప్రార్థనలు నేర్పడమే తప్పు, అది వాళ్ల మెదళ్లలోకి నమ్మకాన్ని బలవంతంగా ఎక్కించడం కాదా అని హేతువాదులు అడుగుతారు. ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. ప్రభుత్వ బడి విషయంలో రాజ్యాంగం జవాబు స్పష్టంగా ఇచ్చింది. 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే బడుల్లో సంరక్షకుల అనుమతి లేకుండా ఏ పిల్లవాణ్ణీ మత ప్రార్థనలో పాల్గొనమని బలవంతపెట్టరాదు. కేంద్రీయ విద్యాలయాల్లోని ఉదయపు ప్రార్థన మీద వచ్చిన పిటిషన్‌ను రాజ్యాంగ ధర్మాసనం పరిశీలించాలని 2019 జనవరిలో సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం అభిప్రాయపడింది. కాబట్టి ఇక్కడి వాదన ఇల్లు, గుడి, తల్లిదండ్రులు ఇష్టపడి పంపే బాలవిహార్ తరగతుల గురించే. అక్కడ కూడా పిల్లల మనస్సాక్షికి హక్కుంది. భారతదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 14వ అధికరణం పిల్లల మత స్వేచ్ఛను గుర్తిస్తూ, వాళ్ల ఎదిగే శక్తిని బట్టి దారి చూపే హక్కు, బాధ్యత తల్లిదండ్రులకు ఉన్నాయని కూడా అంటుంది. ఈ రెండింటినీ కలిపి చూస్తే అర్థం చెప్పడం ఎందుకు అవసరమో మరింత తేటపడుతుంది. హేతువాదులు భయపడే పని అర్థం లేని వల్లెవేతలోనే ఎక్కువగా జరుగుతుంది. ఏం అంటున్నాడో తెలియనివాడు ఒప్పుకోలేడు, కాదనలేడు. అర్థం తెలిసిన పిల్లవాడు రేపు దాన్ని ఆచరించవచ్చు, సాహిత్యంగా మాత్రమే ప్రేమించవచ్చు, వద్దనుకోవచ్చు. ఏది చేసినా తెలిసి చేస్తాడు. అర్థం తెలియని ప్రార్థనను నినాదంగా మార్చడం కూడా తేలిక. నినాదానికి అర్థం తెలియనక్కర్లేదు, గొంతు చాలు. సర్వజనులూ సుఖంగా ఉండాలని రోజూ చెప్పే పిల్లకు ఆ సర్వజనుల్లో పక్కింటి ముస్లిం పిల్ల, వెనుక బెంచీలోని క్రైస్తవ పిల్లవాడు కూడా ఉన్నారని తెలిస్తే, ఆ ప్రార్థనను ఎవరూ నినాదంగా మార్చలేరు.

చివరగా తల్లిదండ్రుల ఇబ్బంది. మాకే అర్థం తెలియదు, మేమేం చెప్పగలం అని చాలామంది నిజాయితీగానే అంటారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవారికి ఈ ఇబ్బంది రెట్టింపు. అక్కడి పిల్లలు స్తోత్రాన్ని ఇంగ్లిష్ లిపిలో చదివి నేర్చుకుంటారు. బడిలో స్నేహితుడు ‘నువ్వు చదివే ఆ ప్రార్థనలో ఏముంది?’ అని అడిగితే జవాబు ఇంట్లో దొరకాలి. కానీ తెలియకపోవడం సిగ్గుపడవలసిన సంగతి కాదు. భాగవతాన్ని తెలిసి చెప్పడం శివుడికీ బ్రహ్మకూ కూడా కష్టమేననీ, పెద్దల వల్ల విన్నంత, తనకు తెలిసినంత తేటపరుస్తాననీ పోతనే ముందుగా చెప్పుకున్నాడు. తెలియని చోట ‘నాకూ తెలియదు, ఇద్దరం చూద్దాం’ అన్న అమ్మానాన్నల మాట పిల్లలకు మరో పాఠం. వనరుల కొరత కూడా లేదు. టి.టి.డి., గీతాప్రెస్ తెలుగు తాత్పర్యాలతో చవకగా పుస్తకాలు వేస్తున్నాయి. తులసీదాసు హనుమాన్ చాలీసాను అవధిలో నేర్చుకునే పిల్లలు ఎం.ఎస్. రామారావు తెలుగులో పాడినదాన్ని కూడా వింటే సగం అర్థం పాటలోనే అందుతుంది. ధనుర్మాసంలో ఆండాళ్ తిరుప్పావైని తమిళంలోనే చదివే తెలుగు ఇళ్లున్నాయి. ఆ నెల రోజులూ ఊరూరా ప్రవచనాలు జరుగుతాయి. రోజుకొక పాశురం, దాని కథ వింటే ముప్ఫై రోజుల్లో ముప్ఫై పాశురాలూ అర్థంతో సహా పూర్తవుతాయి.

చేయవలసినది పెద్ద పథకమేమీ కాదు. ప్రతి ప్రార్థనకూ మూడు ప్రశ్నలు చాలు: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఏం కోరుతున్నారు? ఈ మూడింటికీ పిల్లలు తమ మాటల్లో, తమ ఇంటి తెలుగులో జవాబు చెప్పగలిగిన తరువాతే కొత్త శ్లోకం మొదలుపెట్టాలి. ఏడాదికి పది స్తోత్రాలు నేర్చే చోట మూడే వస్తాయి. అది నష్టం కాదు. శ్లోక పఠన పోటీలు నిర్వహించే దేవస్థానాలు, ధార్మిక సంస్థలు, ప్రవాస సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు ఒక్క నిబంధన మార్చాలి. సగం మార్కులు కంఠస్థానికి, సగం మార్కులు పిల్లలు సొంతంగా చెప్పిన అర్థానికి ఇవ్వాలి. బట్టీ పట్టిన తాత్పర్యం అప్పజెప్పకుండా న్యాయనిర్ణేత ఎదురు ప్రశ్న ఒకటైనా అడగాలి. పిల్లవాడు తిరిగి ప్రశ్న వేస్తే దానికి అదనపు మార్కు ఇవ్వాలి. మార్కులు ఎటు ఉంటే తల్లిదండ్రుల శ్రద్ధ అటు వెళ్తుందన్నది మన బడులన్నీ రుజువు చేసిన సత్యం. వచ్చే వినాయక చవితి మండపాల నుంచే ఈ మార్పు మొదలుపెట్టవచ్చు. దానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. నేర్పే పెద్దలు ముందుగా ఒకసారి అర్థం చదువుకుని రావాలి, అంతే.